భక్తిని కలుపుకొని చేసే కౌన్సెలింగ్ ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న: వదిన నల్గొండ జిల్లా చెర్వుగట్టు శివుడి గుడిలో అమావాస్య నిద్ర (ఆ రాత్రి గుడిలోనే పడుకోవడం) చేస్తే చాలు, తనకు మందులు వద్దంటున్నారు, భక్తిని గౌరవించే కౌన్సెలర్ ఏం చేస్తారు?

మంచి కౌన్సెలర్ ఆమెను చెర్వుగట్టు పోవద్దనరు. మొదటి రోజు 45–50 నిమిషాలు వింటారు: ఏ దేవుణ్ణి కొలుస్తారు, ఏ మొక్కు మిగిలిపోయింది, ఈ బాధను శిక్ష అనుకుంటున్నారా? చివరి ప్రశ్నే కీలకం. "మొక్కు తీర్చలేదు కాబట్టే ఇట్లయింది" అనే అపరాధభావం దిగులును (డిప్రెషన్‌ను) ఇంకా పెంచుతుంది. దాన్ని వాదించి కొట్టేయకూడదు. ఆమె నమ్మే దేవుడు దయగలవాడా, పగబట్టేవాడా అని ఆమెతోనే చెప్పించాలి. భజన, నమాజు, ప్రార్థన ఏదైనా సరే, రోజూ ఒకే వేళకు చేయిస్తే నిద్ర, తిండి కూడా దారిలో పడొచ్చు. కౌన్సెలర్ తన మతాన్ని రుద్దితే అక్కడికి మళ్లీ పోకండి.

ఎక్కువగా చెడేది మందుల దగ్గర. కాస్త తేలికపడగానే మానేస్తారు. దిగులు మందులు పనిచేయడానికే 2–4 వారాలు పడుతుంది, తగ్గాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. లిథియం (మనసు విపరీతంగా పైకీ కిందికీ మారే బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు) వాడేవాళ్లు నీళ్లు తాగని ఉపవాసం, రోజా ఉంటే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు. ముందే డాక్టరును అడగాలి.

మానసిక జబ్బు ఉన్నవాళ్లను గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది, అది ఏ గుడిలోనైనా, దర్గాలోనైనా. చావు మాటలు, లేని గొంతులు వినబడటం ఉంటే అమావాస్య దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి; ఉచితం, తెలుగులో మాట్లాడతారు.