ముక్క కొట్టించకండి: పండుగ మాంసంపై పాఠకుల ప్రశ్నలకు మాస్టారి జవాబులు

డిసెంబరు సంచికకు వచ్చే ఉత్తరాలు మామూలుగా కేకు పొంగలేదని, అడుగు మాడిందని వస్తాయి. ఈసారి ఎక్కువ భాగం మాంసం గురించే వచ్చాయి. అదీ కిలో, అరకిలో కూర గురించి కాదు, నాలుగు కిలోల ముక్కను కొట్టకుండా అలాగే కాల్చడం గురించి. బిట్రగుంట రైల్వే కాలనీలో మా నాన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు వంట చేసేవారు కాబట్టి ఈ విద్య నాకు కొత్తది కాదు. నేను మాత్రం బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అందుకే నా జవాబుల్లో మసాలా తక్కువ, ఉష్ణోగ్రతలు ఎక్కువ. ఓపిక పట్టండి.

*

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ పశువు రొమ్ము భాగాన్ని బ్రిస్కెట్ అంటారట, రోజంతా పొగలో పెట్టి వండుతారట. క్రిస్మస్‌కు వస్తున్నాడు. మనకు దొరికే పెద్ద మాంసంతో ఇంట్లో అలా చేయవచ్చా? – ఒక తల్లి, కావలి

జవాబు: చేయవచ్చమ్మా. కాకపోతే టెక్సస్ పశువు వేరు, మన పశువు వేరు. వాళ్లు ధాన్యం మేపి కండ లోపలి దాకా కొవ్వు పట్టించిన పశువును కోస్తారు. మన రాష్ట్రంలో ఆవును, దూడను కోయడం 1977 నాటి చట్టం ప్రకారం నేరం. కొట్లో మీకు దొరికేది దున్న మాంసమో, పాలు ఉడిగిన గేదె మాంసమో అయి ఉంటుంది. రంగు ముదురుగా, పోగు లావుగా ఉంటుంది, కండలో కొవ్వు తక్కువ. అంటే అబ్బాయి అక్కడ చేసిన లెక్క ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

ముందు కొట్టు దగ్గర జాగ్రత్త. రొమ్ము భాగం, అంటే సీనా, నాలుగు కిలోల ఒకే ముక్కగా కావాలని ముందు రోజే చెప్పి ఉంచండి. తెల్లవారుజామున వెళ్లి, అతను కత్తి ఎత్తకముందే మరోసారి చెప్పండి. అలవాటు పడిన చెయ్యి మాట వినేలోపే రెండు దెబ్బలు వేసేస్తుంది. పైనున్న తెల్ల కొవ్వును గీసేయవద్దని కూడా చెప్పాలి. అరవేలు మందాన దాన్ని ఉంచితే చాలు. ముక్క మరీ బక్కగా ఉంటే విడిగా కొంత కొవ్వు అడిగి తెచ్చుకుని, కాల్చేటప్పుడు పైన పరచండి.

ఇంటికి తెచ్చాక కిలోకు 15 గ్రాముల లెక్కన కల్లుప్పు దంచి అన్ని వైపులా రుద్ది, మూత పెట్టకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు నెమ్మదిగా లోపలికి దిగుతుంది. అల్లం వెల్లుల్లి, గరం మసాలా అలా దిగవు, ఎంత రుద్దినా పైపొర దగ్గరే ఆగిపోతాయి. కారం గంటల తరబడి వేడికి మాడి చేదెక్కుతుంది. కాబట్టి పొయ్యి మీద పెట్టే ముందు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు పట్టించండి, అంతే. పచ్చి బొప్పాయి జోలికి వెళ్లకండి. చిన్న ముక్కలకు అది బాగానే పని చేస్తుంది గానీ, ఇంత ముక్కకు పైపొరను జావ చేసి లోపలి భాగాన్ని అలాగే వదిలేస్తుంది. ఇంకో పని: పోగు ఏ దిక్కున నడుస్తోందో చూసుకుని, ఒక మూల దానికి అడ్డంగా చిన్న గాటు పెట్టండి. కాలి నల్లబడ్డాక పోగు కనిపించదు, చివరకు కోయాల్సింది దానికి అడ్డంగానే.

పొయ్యికి నూనె డ్రమ్ము చాలు. వంటనూనె వచ్చిన డ్రమ్మే తీసుకోండి, రసాయనాలది వద్దు. నిలువునా రెండుగా కోయించి, అడుగు సగంలో ఒక పక్కన నిప్పులు, రెండో పక్క జాలీ మీద మాంసం, దాని కింద నీళ్ల పళ్లెం ఉంచి, పై సగాన్ని మూతగా బోర్లించాలి. మాంసం కింద నిప్పు ఉండకూడదు. మూత కింద, జాలీ దగ్గర వేడి 110 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. మాంసంలోకి గుచ్చే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. జ్వరం చూసేది సరిపోదా అని ఒకరు రాశారు. అది 42 దగ్గర ఆగిపోతుందండీ, మన పని అక్కడ మొదలవదు కూడా.

మొదటి మూడు నాలుగు గంటలు ముక్క లోపలి వేడి చక్కగా పెరుగుతుంది. 65, 70 మధ్యకు వచ్చాక అక్కడే తిష్ట వేస్తుంది. గంట గడుస్తుంది, రెండు గడుస్తాయి, ముల్లు కదలదు. చాలామంది ఇక్కడే గాభరా పడి నిప్పులు ఎగదోసి అంతా పాడు చేస్తారు. జరిగేది ఇది: మాంసం పైన తడి ఆవిరవుతూ, నిప్పు ఇచ్చే వేడిని ఇచ్చినట్టే తీసుకుపోతుంది. వేసవిలో మట్టి కుండలో నీళ్లు చల్లబడేది ఈ సూత్రం మీదే. ఆవిరిని ఆపితే ముల్లు మళ్లీ కదులుతుంది. ముక్క రంగు మీకు నచ్చినంత నల్లబడ్డాక, సెగ మీద వాడ్చిన అరటాకులో చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు బిగించి తిరిగి పొయ్యిలో పెట్టండి. ఆ తర్వాత దానికి పొగతో పని లేదు, వేడి ఉంటే చాలు.

ఎప్పుడు దించాలి? గడియారాన్ని అడగకండి. రొమ్ము కండను గట్టిగా ఉంచేది కొల్లాజెన్ అనే పీచు. అది వేడిలో గంటల తరబడి నానితేనే కరిగి జిగురుగా మారుతుంది. లోపల 93 నుంచి 96 డిగ్రీలు వచ్చాక సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి. అడ్డు లేకుండా దిగితే అయినట్టు. ముసలి గేదె అయితే 96 వచ్చినా చువ్వ ఆగవచ్చు, అప్పుడు ఇంకో గంట వదిలేయండి. నాలుగు కిలోలకు ఎనిమిది నుంచి పది గంటలు పడుతుందని మనసులో పెట్టుకుని 24వ తేదీ తెల్లవారుజామునే నిప్పు చేయండి. దించాక విప్పకుండా తువ్వాళ్లలో చుట్టి, ఖాళీ ఐసు పెట్టెలో గంటసేపు ఉంచాలి. వెంటనే కోస్తే రసమంతా చెక్క మీదికి పోతుంది. మరునాటి మధ్యాహ్నం భోజనానికైతే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, చర్చి నుంచి వచ్చాక చుట్టినదాన్ని చుట్టినట్టే వేడి చేయండి. రాత్రంతా బల్ల మీద మాత్రం వదలకండి.

*

ప్రశ్న: మా వైపు సరుగుడు, జామాయిల్, తుమ్మ కావలసినంత ఉన్నాయి. పొగకు ఏ కట్టె మంచిది? – కందుకూరు పాఠకుడు

జవాబు: వేడికి వేరే కట్టె, పొగకు వేరే కట్టె. వేడికి తుమ్మ బొగ్గును మించినది లేదు, నిలకడగా కాలుతుంది. సరుగుడు కూడా మంచి వేడినిస్తుంది గానీ మంట దూకుడు ఎక్కువ, విడిగా కాల్చి నిప్పులయ్యాక డ్రమ్ములోకి తీసుకోండి. పొగకు పండ్ల చెట్ల కట్టె కావాలి: మామిడి, జామ, సపోటా. నన్ను అడిగితే గూడూరు వైపు నిమ్మ తోటల్లో ముదిరిన చెట్లు కొట్టేసినప్పుడు దొరికే కట్టె అన్నిటికంటే మేలు. పొగ సాధువుగా ఉంటుంది, మాంసం రుచిని కప్పేయదు. ఏ కట్టె అయినా చీల్చి నెలల తరబడి ఎండబెట్టి ఉండాలి. పచ్చి కట్టె తెల్లటి దట్టమైన పొగ వదులుతుంది, అది మాంసాన్ని చేదు చేస్తుంది. మీకు కావలసింది పలచటి నీలి పొగ, ఉందా లేదా అన్నట్టు కనిపించేది.

జామాయిల్ వద్దు, దాని నూనె వాసన కూరకు కాదు, జలుబుకు పనికొస్తుంది. వేప చేదు. జీడిమామిడి జిగురు ఒంటికి పడదు. గన్నేరు విషం, పుల్లగా గుచ్చడానికి కూడా వాడకండి. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్డు, తీరం వెంట చవకగా దొరికే పాత పడవ పలకలు పొయ్యి దరిదాపులకు రానివ్వకండి. ఆ తారు, రంగు కాలి వచ్చేది తినే పొగ కాదు.

*

ప్రశ్న: ఒంగోలులో మూడో అంతస్తులో ఉంటాం. డ్రమ్ము పెట్టే వీలు లేదు. చిన్న ఓవెన్ ఉంది. ఇంగ్లిషు వాళ్లలా లోపల గులాబీ రంగులో ఉండే రోస్టు చేయాలని మా వారి కోరిక. – ఒక గృహిణి

జవాబు: మీవారి కోరికను ఈ ఏటికి వాయిదా వేయండి. లోపల 55 డిగ్రీల దగ్గర దించే ఆ రోస్టు లేత పశువు నడుం కండకు సరిపోతుంది. మన ముదురు గేదె మాంసం ఆ వేడికి నమలడానికి రాదు. పైగా అది ఎంతసేపు ఎలా నిలవ ఉందో మనకు తెలియదు, కాబట్టి బాగా ఉడకడమే క్షేమం.

రెండు కిలోల తొడ లేదా జబ్బ ముక్క తీసుకుని, ముందు ఓవెన్ లోపలి కొలత తీసుకోండి. నవ్వకండి, ముక్క కొన్నాక తలుపు పట్టలేదని రాసినవాళ్లు ఉన్నారు. ఉప్పు పట్టించిన ముక్కను పెనం మీద అన్ని వైపులా ఎర్రగా కాల్చి, ఉల్లిపాయ చక్రాలు పరచిన గిన్నెలో పెట్టి, ఒక గ్లాసు నీళ్లు పోసి గట్టిగా మూసి 150 డిగ్రీల వేడిలో మూడున్నర నుంచి నాలుగు గంటలు వదిలేయండి. అడుగున మిగిలిన రసాన్ని పారబోస్తే మీతో మాట్లాడను. దాన్ని ఇగిర్చి ముక్కల మీద పోయాలి.

పొగ వాసన కావాలంటే చివర్లో గిన్నెలో ఉల్లి డొప్ప పెట్టి, అందులో మండే బొగ్గు ఒకటి వేసి, దాని మీద చెంచాడు నెయ్యి చుక్కలుగా వదిలి ఐదు నిమిషాలు మూత పెట్టండి. కిటికీలు తెరిచే ఉండాలి. బొగ్గుల కుంపటి మాత్రం ఇంట్లో గానీ, మూసి ఉన్న బాల్కనీలో గానీ పెట్టవద్దు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది.

*

ప్రశ్న: పొగలో వండిన ముక్క కోస్తే అంచు వెంట గులాబీ రంగు చారిక ఉంది. ఉడకలేదా? – చీరాల

జవాబు: ఉడికింది. కట్టె పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కండలోని ఎర్ర పదార్థంతో కలిసి ఆ రంగును నిలిపేస్తాయి. అనుమానం ఉంటే నడిమధ్యలో థర్మామీటరు గుచ్చండి.

*

ప్రశ్న: మా అమ్మమ్మ బిట్రగుంటలో క్రిస్మస్‌కు ‘సాల్ట్ బీఫ్’ చేసేదట. సూరేకారం వేసేదని అమ్మ చెప్పింది. కొలతలు ఇవ్వగలరా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఈ ఉత్తరం కోసమే ఎదురు చూస్తున్నట్టు అనిపించింది. మా నాన్న చేసేటప్పుడు ఆ ముక్కను పింగాణీ జాడీలో పెట్టి, ఫోర్కుతో పొడిచి, నిమ్మరసం, ఉప్పు, మిరియాలు పోసి, పైన కడిగిన ఇసుకరాయి బరువు పెట్టేవారు. రోజూ తిప్పడం నా పని. చేతికి గాటు ఉన్న రోజున ఆ నిమ్మరసం నాకు నరకం.

సూరేకారం కొలత మాత్రం ఇవ్వను. గులాబీ రంగు దానివల్లే వస్తుంది, నిలవ మాంసంలో విషం పుట్టించే క్రిములను ఆపేదీ అదే. కానీ రెండు కిలోల ముక్కకు కావలసింది గ్రాముల్లో, మన వంటింటి త్రాసుకు అంత సూక్ష్మం తెలియదు. ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోయలేదు, పసిపిల్లలకు మరీ ప్రమాదం. బజారులో ఎరువుకో, బాణసంచాకో అమ్మేది తినే సరుకు కాదు.

అది లేకుండా చేయండి, రంగు గోధుమగా వస్తుంది, రుచికి లోటు లేదు. రెండు కిలోల ముక్కకు 60 గ్రాముల ఉప్పు, ఆరు నిమ్మకాయల రసం, రెండు చెంచాల దంచిన మిరియాలు. గాజు గిన్నెలో, ఫ్రిజ్ అడుగు అరలో నాలుగు రోజులు, రోజుకోసారి తిప్పుతూ. తర్వాత కడిగి, మునిగేలా నీళ్లు పోసి సన్న సెగ మీద మూడు గంటలు. నీళ్లు తెర్లకూడదు, అక్కడక్కడా బుడగ లేవాలి, అంతే. చల్లారాక బరువు కింద నొక్కి, మరునాడు కాగితంలా పలచగా కోయండి.

*

ప్రశ్న: బ్రెజిల్‌లో మన ఒంగోలు గిత్తల సంతతి మాంసమే తింటారట, నిజమేనా? – అద్దంకి యువకుడు

జవాబు: నిజమే. 19వ శతాబ్దం నుంచి 1960ల దాకా ఓడల్లో వెళ్లిన ఒంగోలు జాతి అక్కడ నెలోర్ పేరుతో స్థిరపడింది, ఆ దేశపు మాంసం పశువుల్లో అధిక భాగం ఈ రక్తమే. దాని మూపురాన్ని వాళ్లు ‘కుపిం’ అంటారు. రేకులో చుట్టి నిప్పుల మీద గంటల తరబడి కాల్చి సన్నగా కోసి తింటారు. మీరు కొట్లో అడగకండి, గేదెకు మూపురం ఉండదు.

*

ప్రశ్న: పండుగ మర్నాడు మిగిలిన మాంసం ఎండిపోతోంది. ఏం చేయాలి? – కనిగిరి

జవాబు: రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉంటే మూడు రోజులు నిలుస్తుంది. ముక్కగానే దాచి, తినేటప్పుడే కోయండి. చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో పోగులు పోగులుగా చీల్చి, కాస్త ఎక్కువ నూనెలో ఎండుమిర్చి, వెల్లుల్లి, గుప్పెడు కరివేపాకు వేగాక అందులో వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పండి. ఉప్పు మళ్లీ వేయకండి, ముక్కలో ఉన్నది చాలు.