ఎర్ర లేని గేలం

ప్రశ్న: మా బావగారిది హిమాచల్‌లోని కులులో ఉద్యోగం. మే నెలలో రెండ్రోజులు తీర్థన్ నదిలో 'డ్రై ఫ్లై'తో ట్రౌట్ పడదాం రమ్మంటున్నారు. నాగావళిలో ఎర్ర గుచ్చి గేలం వేయడమే నాకు తెలుసు. ఇదేం పద్ధతి? ఆ చేప మన ఏట్లో బతుకుతుందా?
– ఒక పాఠకుడు, పాలకొండ

జవాబు: బతకదు. నీళ్లు 20 డిగ్రీలు దాటితేనే ట్రౌట్‌కి ఇబ్బంది, ఇక మన వేసవి సంగతి చెప్పాలా!

డ్రై ఫ్లై అంటే చిన్న కొక్కేనికి కోడిపుంజు మెడ ఈక చుట్టి కట్టిన ఉత్తుత్తి పురుగు. ఈకపోచలు కాళ్లలా నీటిపై ఆని దాన్ని తేలుస్తాయి. దానికి బరువుండదు కాబట్టి విసిరేది లావుపాటి దారాన్ని. పురుగు దాని వెంట పోతుంది. చేప ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటుంది. అందుకే మీరు దిగువన, దాని వెనక నిలబడి ఎగువకు వేయండి. దారం లాగి పురుగు నీటికంటే వేగంగా జారిందో, ట్రౌట్ ముట్టదు. అసలు తంటా అదే. పురుగు తడిస్తే గాల్లో రెండు ఊపులు ఊపితే ఆరుతుంది. బెండు మునగడం కోసం చూసే అలవాటు మానుకోండి, అక్కడ బెండే ఉండదు.

మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట నిషేధం. మేలో మంచు కరిగి నది ఉరకలేస్తుంది. నన్నడిగితే తేటనీళ్ల అక్టోబరే మేలు. టికెట్లు బావగారివైతే మాత్రం మేలోనే వెళ్లిరండి.