ర్యాలీ డ్రైవర్ అవుతానంటున్నాడు, పంపమంటారా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. మా అబ్బాయి బీటెక్ సెకండియర్. 2023లో హుస్సేన్ సాగర్ దగ్గర ఫార్ములా ఈ రేసు చూసొచ్చిన దగ్గర్నుంచి కార్ల పిచ్చి పట్టుకుంది, ముందు ర్యాలీ డ్రైవర్ అవుతాడట, తర్వాత ట్రాకు మీద టూరింగ్ కార్ల రేసుల్లో నడుపుతాడట. ప్రాక్టీస్ అని చెప్పి రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదకి పోతున్నాడు. ఇది అసలు కెరీరేనా? మన ఊళ్లో ఉండి ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ముందు ఆ ఓఆర్ఆర్ ఈరోజే ఆపించండి సార్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. 120 లిమిట్ ఉన్న రోడ్డు, లారీలు పోతుంటాయి, ఫ్యామిలీలు పోతుంటాయి, అక్కడ 180 కొడితే వాడికి వచ్చే విద్య ఏమీ లేదు, తిన్నని రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కడం ఎవరికైనా వస్తుంది. ర్యాలీ అంటే ఒక్కో కారునీ విడిగా వదిలి టైం చూసే పోటీ. అందులో స్పెషల్ స్టేజ్ అంటే టైం లెక్కపెట్టే దారి, అది మొత్తం ట్రాఫిక్‌కి మూసేస్తారు, మధ్యమధ్యలో భద్రత చూసే మార్షల్స్ ఉంటారు, అంబులెన్స్ రెడీగా ఉంటుంది, కారు లోపల రోల్ కేజ్, అంటే బోల్తా కొట్టినా కప్పు నలిగిపోకుండా కాపాడే ఇనుప గొట్టాల పంజరం, ఉంటుంది. యాక్సిడెంటై కారు ఆగిపోతే వెనక వచ్చేవాళ్లకి ఓకే బోర్డో (మేం బాగానే ఉన్నాం) ఎస్ఓఎస్ బోర్డో (సాయం కావాలి) చూపించాలని రూలు కూడా ఉంది. ఇవేవీ లేని చోట చేసేదాన్ని ప్రాక్టీస్ అనొద్దని మీ వాడికి గట్టిగా చెప్పండి.

అసలు విద్య ఎక్కడుందంటే, ర్యాలీకి ముందు రెక్కీ అని ఒకటి ఉంటుంది. వరల్డ్ ర్యాలీల్లో అయితే స్టేజ్ మొత్తాన్ని నిదానంగా రెండే రెండుసార్లు చూడనిస్తారు, డ్రైవరు ఒక్కో మలుపు చూసి చెప్తుంటే పక్కసీట్లో కో-డ్రైవరు నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోవాలి. లెఫ్ట్ 4 టైటెన్స్, 80, ఓవర్ క్రెస్ట్, రైట్ 2... ఇలా ఉంటుంది ఆ రాత, మలుపు ఎంత బిగువో ఒక నంబరు, తర్వాతి మలుపు ఎన్ని మీటర్లలో ఉందో ఇంకో నంబరు. టైటెన్స్ అంటే మలుపు పోనుపోను ఇంకా బిగుసుకుంటుందని, క్రెస్ట్ అంటే మిట్ట. పోటీ రోజు కో-డ్రైవరు అది చదువుతుంటే ఎదురుగా దుమ్ము తప్ప ఏమీ కనపడకపోయినా, మిట్ట అవతల రోడ్డు ఎటు పోతుందో తెలియకపోయినా, ఆ మాట మీదే డ్రైవరు స్టీరింగ్ తిప్పాలి. పక్కసీటు మాట నమ్మి వినడం రానివాడికి ఎంత స్పీడున్నా ర్యాలీలో కెరీర్ లేదు, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

టూరింగ్ కార్లకి, అంటే మామూలు కార్లని మార్చి చేసిన రేసు కార్లకి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అదే ట్రాకు, అవే మలుపులు, ల్యాప్ మీద ల్యాప్. నోట్స్ చదివేవాళ్లు ఉండరు, డోరుకి డోరు రాసుకుంటూ పక్కన ఇంకో కారు ఉంటుంది. ర్యాలీలో గడియారంతో పోటీ, ఇక్కడ మనుషులతో. ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు సార్, దీనికి సెబాస్టియన్ లోబ్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చిన మనిషి, 2004 నుంచి 2012 దాకా వరసగా తొమ్మిదిసార్లు వరల్డ్ ర్యాలీ ఛాంపియన్. అంతటాయన సిట్రోయెన్ టీమ్‌తో వరల్డ్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌కి వస్తే 2014లో మూడో స్థానం, 2015లోనూ మూడో స్థానమే, రెండేళ్లూ అదే టీమ్‌లోని హోసే మరియా లోపెజ్ ఫస్టు, ఇవాన్ ముల్లర్ సెకండు. కానీ నలభై ఏళ్ల వయసులో కొత్త ఆట నేర్చుకుని ప్రపంచంలో మూడోవాడిగా నిలబడ్డాడు చూడండి, నాకైతే ఆ తొమ్మిది టైటిళ్లంత గౌరవం దీనిమీదా ఉంది. మాటియాస్ ఎక్‌స్ట్రోమ్‌ది ఇటు నుంచి అటు, 2004లో, 2007లో జర్మన్ టూరింగ్ కార్ సిరీస్ డీటీఎం గెలిచి, 2016లో ర్యాలీక్రాస్ (మట్టి, తారు కలిసిన చిన్న ట్రాకు మీద జరిగే రేసు) వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, పేరున్న ట్రాకులు చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో, గ్రేటర్ నోయిడాలో ఉన్నాయి, సర్క్యూట్ దారి పట్టారంటే కారు ఖర్చుకి ప్రయాణాల ఖర్చు తోడవుతుంది. అందుకే ముందు ఆటోక్రాస్ (చిన్న దారిలో ఒక్కో కారునీ టైం మీద నడిపే పోటీ), టీఎస్‌డీ (టైం-స్పీడ్-డిస్టెన్స్) ర్యాలీ చేయించండి. టీఎస్‌డీలో మామూలు కారే చాలు, వాళ్లిచ్చిన యావరేజ్ స్పీడ్‌లోనే పోవాలి, ఎక్కువైనా తక్కువైనా పెనాల్టీ. దుడుకు పిల్లలకి ఇది చాలా మంచిది. పోటీల్లో దిగేముందు ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్‌స్పోర్ట్ క్లబ్బుల సమాఖ్య) లైసెన్స్ తీసుకోవాలి.

డబ్బు సంగతి కూడా దాచను. టైర్లు, ఎంట్రీ ఫీజు, మెకానిక్కులు, రిపేర్లు, అన్నీ మొదట్లో జేబులోంచే పోతాయి, స్పాన్సర్ దొరకడం రిజల్ట్స్ వచ్చాకే, అప్పుడు కూడా గ్యారంటీ లేదు. మన దేశంలో దీన్నే బతుకుగా చేసుకుని పైకెళ్లినవాళ్లు కొద్దిమంది. గౌరవ్ గిల్ ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్ మూడుసార్లు గెలిచాడు, 2013, 2016, 2017. అర్జున అవార్డు 2019లో వచ్చింది, మోటార్‌స్పోర్ట్ నుంచి అది అందుకున్న మొదటి మనిషి ఆయనే. కాబట్టి డిగ్రీ పూర్తి చేయనివ్వండి, చదువుతూనే వీకెండ్స్‌లో ఇది మొదలుపెట్టొచ్చు, రెండూ కుదురుతాయి.

ప్రశ్న: అన్నా, నాకు డ్రైవింగ్ కంటే ర్యాలీలో పక్కసీట్లో కూర్చుని నోట్స్ చదివే కో-డ్రైవరు పని నచ్చింది. అమ్మాయిలకి అవకాశం ఉంటుందా? కారులో ఫోన్ చూస్తేనే నాకు తల తిరుగుతుంది మరి.
– డిగ్రీ విద్యార్థిని, వనస్థలిపురం

జవాబు: ఎందుకుండదు చెల్లీ! 1981లో సాన్‌రెమో ర్యాలీ గెలిచి, వరల్డ్ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ అయింది మిషెల్ ముటాన్, ఆమె పక్కసీట్లో నోట్స్ చదివింది కూడా ఆడమనిషే, ఫాబ్రిజియా పోన్స్. లోబ్ 2022లో 47 ఏళ్లకి మాంటెకార్లో ర్యాలీ గెలిచినప్పుడు పక్కనున్న ఇసబెల్ గాల్మీష్ స్కూల్లో లెక్కల టీచర్. ఇక తల తిరగడం అంటావా, అది చిన్న విషయమేం కాదు, కొందరికి అలవాటు మీద తగ్గుతుంది, కొందరికి తగ్గదు. టీఎస్‌డీలో నావిగేటర్‌గా (దారి చెప్పే మనిషిగా) కూర్చుని రోడ్‌బుక్, అంటే దారి వివరాల పుస్తకం, చదివి చూడు, ఒక్క రోజులోనే నీకు అర్థమైపోతుంది. ఆ సీటుకి తొందరగా లెక్కేయడం రావాలి, పక్కన ఏం జరుగుతున్నా గొంతు వణకకూడదు, చదువుతున్న లైను తప్పకూడదు.

ప్రశ్న: ర్యాలీ కార్లకి నంబర్ ప్లేట్ ఎందుకు?
– మెహదీపట్నం

జవాబు: ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి మామూలు రోడ్డు మీదే పోవాలి కాబట్టి. అక్కడ సిగ్నల్ పడితే ఆగాలి, స్పీడ్ లిమిట్ పాటించాలి. అలాగని తొందరపడి ముందే చేరుకుంటే కూడా లాభం లేదు, వరల్డ్ ర్యాలీల్లో టైం కంట్రోల్ (ప్రతి కారూ తనకిచ్చిన నిమిషానికే చేరాల్సిన చోటు) దగ్గరికి నిమిషం లేటుగా వస్తే 10 సెకన్లు పెనాల్టీ, నిమిషం ముందొస్తే ఏకంగా 60 సెకన్లు. కంట్రోల్ బోర్డుకి కాస్త ముందు కార్లు వరసగా ఆగి కనపడితే చెడిపోయాయనుకోకండి, తమ నిమిషం వచ్చేదాకా ఆగుతున్నారన్నమాట.