అద్దె ఇళ్ల కోసం పోరాడే సంఘాలు వాతావరణ మార్పు గురించి ఎందుకు మాట్లాడతాయి?

ఎండ, వరద, పొగ మనిషికి ఎంత తగులుతాయన్నది చాలావరకు ఉండే ఇంటిని బట్టే తేలుతుంది కాబట్టి, ఈ రెండూ వేరువేరు సమస్యలు కావు. చౌకగా దొరికే ఇళ్లు తరచుగా పల్లంలోనో, హైవే పక్కనో, ఫ్యాక్టరీల దగ్గరో ఉంటాయి. అక్కడ చెట్లు తక్కువ, కాంక్రీటూ తారూ ఎక్కువ. పగలు పీల్చుకున్న వేడిని అవి రాత్రి కూడా వదులుతూనే ఉంటాయి. పోనీ పైకప్పు మార్చుకుందామంటే ఆ నిర్ణయం ఓనర్‌ది, కరెంటు బిల్లు మాత్రం అద్దెకున్నవాళ్లది. అసలు చిక్కంతా ఇక్కడే.

అమెరికా సంగతి చూడండి. 1930లలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల మ్యాపుల్లో నల్లజాతివాళ్లు, వలసవచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే పేటలకు ఎర్ర రంగు వేసింది. అక్కడ గృహరుణాలు ఇవ్వడం రిస్కు అని దాని అర్థం. 2020లో వచ్చిన ఒక అధ్యయనం 108 నగరాల్లో వేసవి వేడిని పోల్చి చూసింది. ఆ పేటల్లో నేల ఉపరితలం మిగతా చోట్లకంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నట్టు తేలింది.

చెట్లు నాటి, పార్కు కట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ పేట బాగుపడితే అద్దెలు పెరిగి, పాతవాళ్లు ఖాళీ చేయాల్సి రావచ్చు. ఆ చెట్ల నీడ కొత్తగా వచ్చినవాళ్లకు దక్కుతుంది. అందుకే ఈ సంఘాలు పార్కుతో పాటే అద్దె పెంపుపై పరిమితి, కారణం లేకుండా ఖాళీ చేయించకుండా రక్షణ కూడా అడుగుతాయి. కొన్నిచోట్ల భూమిని స్థానికుల ట్రస్టు పేరిట ఉంచి, ఇళ్లు మాత్రమే తక్కువ ధరకు ఇస్తారు. ఇవన్నీ పార్కు ప్రకటించకముందే తేల్చుకోవాలి, తర్వాత అడిగితే చాలాసార్లు ధరలు అప్పటికే ఎక్కి కూర్చుంటాయి.