టెక్ సందేహాలు: పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాలు పడటం లేదు!

ప్రశ్న: మా అబ్బాయి సంక్రాంతికి వచ్చి, నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసి బెంగళూరు వెళ్లిపోయాడు. ఇప్పుడు ప్రింటర్ పనిచేయడం లేదు. యూట్యూబ్‌లో చెప్పిన లైను ఒకటి కాపీ చేసి, ఆ నల్ల విండోలో పేస్ట్ చేశాను. పాస్‌వర్డ్ అడిగింది. ఎంత కొట్టినా ఒక్క అక్షరమూ పడటం లేదు. కీబోర్డు పోయిందంటారా?
- రిటైర్డ్ టీచర్, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కీబోర్డుకేం కాలేదు మాస్టారూ. పాస్‌వర్డ్ తర్వాత ఇంకా ఎంటర్ కొట్టి ఉండకపోతే ముందు ఆ విండో మూసేయండి. మిగతాది తర్వాత.

టెర్మినల్‌లో, అంటే ఆ నల్ల విండోలో, పాస్‌వర్డ్ కొడితే చాలా రకాల లినక్స్‌లలో చుక్కలు కూడా కనబడవు. ఎన్ని అక్షరాలో పక్కవాళ్లకు తెలియకూడదని ఎప్పుడో పెట్టిన పద్ధతి. కొన్నింటిలో ఇప్పుడు చుక్కలు పడుతున్నాయి, అన్నింటిలోనూ పడాలి. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న పెద్దాయన్ని ఇంత కంగారుపెట్టే డిజైన్‌ను నేను సమర్థించలేను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని పాత మెషీన్లలో పిల్లలు లినక్స్ వేసి వెళ్తున్నారు. మంచి పనే. కానీ ఆ తర్వాత ఇదే ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది.

నా భయం ఆ లైను గురించి. మీరు పంపినది ‘కర్ల్’తో మొదలైంది, మధ్యలో ఒక నిలువు గీత, చివర ‘సుడో బాష్’. అంటే ఫలానా అడ్రస్‌లో ఏముంటే అది తెచ్చి, చూడకుండానే, సర్వాధికారాలతో నడిపించమని. ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో బీరువా తాళాలు పెట్టడమే ఇది. ఆ అడ్రస్‌లో రేపు ఏముంటుందో వీడియో తీసిన మనిషికీ తెలియకపోవచ్చు. పైగా కొన్ని వెబ్‌పేజీల్లో కంటికి కనబడే లైను ఒకటి, కాపీ అయ్యేది ఇంకొకటి. లినక్స్‌కు వైరస్ రాదని ధీమాగా ఉంటారు చాలామంది. పాస్‌వర్డ్ కొట్టి మనమే లోపలికి రానిస్తే ఏ సిస్టమ్ ఆపుతుంది? 2016 ఫిబ్రవరిలో లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ సొంత వెబ్‌సైట్‌లోకే చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగ కాపీకి మళ్లించారు. ఊరూపేరూ లేని పేజీని ఏం చూసి నమ్మాలి?

మొన్న విజయవాడ గవర్నర్‌పేటలో ఒక జిరాక్స్ షాపుకు వెళ్లాను. మానిటర్ అంచుకు టేపు వేసి ఒక కాగితం అంటించారు. పైన పాస్‌వర్డ్, కింద చేత్తో రాసిన నాలుగు కమాండ్లు. ఏది దేనికని అడిగితే, “ఏది ఆగినా నాలుగూ వరసగా కొట్టమన్నారండీ” అన్నాడు కుర్రాడు. జనం తమ ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేయించుకునేది ఆ కంప్యూటర్లోనే. ఇంటికొచ్చాక కూడా నాకు టెన్షన్ తగ్గలేదు.

లినక్స్ వేసి వెళ్లే అబ్బాయిలకూ అమ్మాయిలకూ గట్టిగానే చెబుతున్నాను. పెద్దవాళ్లకు రోజూ వాడుకోవడానికి అడ్మిన్ హక్కులు, అంటే సర్వాధికారాలు, లేని అకౌంట్ వేరే పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరుంచుకోండి. వాళ్ల చేతే ఒక కాగితం ప్రింట్ తీయించి, నాలుగు వాక్యాలు తెలుగులో టైప్ చేయించి, అప్పుడు బస్సెక్కండి. తెలుగు కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైళ్లు మాత్రం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల కోడ్) కావు కాబట్టి గజిబిజిగా కనిపిస్తాయి. ఆ సంగతి ముందే చెబితే ఫైలు పాడైందని వాళ్లు బెంబేలెత్తరు.

మాస్టారూ, ఒకవేళ పాస్‌వర్డ్ తర్వాత ఎంటర్ కొట్టేసి ఉంటే వైఫై ఆపేయండి. ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, అబ్బాయి చేత లినక్స్ మళ్లీ మొదటి నుంచి వేయించండి.

ఇక ప్రింటర్. వైఫైది అయితే ల్యాప్‌టాప్‌నూ దాన్నీ ఒకే వైఫైలో ఉంచి, సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ తెరవండి. ఈమధ్య వచ్చినవి చాలావరకు డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేయకుండానే అక్కడ కనబడతాయి. పాత యూఎస్‌బీ లేజర్ ప్రింటర్ అయితే కంపెనీ డ్రైవర్ కావాల్సి రావచ్చు. వెనకవైపు స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, అది రాసి పంపండి.