ఇల్లూ ఆఫీసూ రెండూ నలిపేస్తుంటే ఉద్యోగం మానేయాలా?

రెండేళ్ల పాప, మంచం పట్టిన మామగారు, రాత్రి దాకా సాగే కాల్స్... ఇక నా వల్ల కావడం లేదు, ఉద్యోగం మానేయనా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ఇంత అలసటలో ఉన్నప్పుడు రాజీనామా మాట తలపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

నేను నాగోలు నుంచి గచ్చిబౌలి వెళ్లొస్తాను. మెట్రో రాయదుర్గం దాకానే, అక్కణ్నుంచి షేర్ ఆటో. మా అత్తయ్యకు పక్షవాతం వచ్చాక నన్ను పీల్చేసింది పని ఎక్కువవడం కాదు, అది ఎప్పటికి తెములుతుందో తెలియకపోవడం. ఆరింటికి బ్యాగు సర్దుకుంటుంటే "ఒక్క చిన్న కాల్" అని మెసేజ్ వచ్చేది. ఎనిమిదయ్యేది. ఇంట్లో ఆయమ్మేమో ఏడింటికల్లా వెళ్లిపోవాలి. మెట్రోలో అమీర్‌పేట దాటినా చెవిలో క్లయింటు గొంతే, మనసంతా అత్తయ్య మాత్రలు వేసుకున్నారో లేదో అన్న బెంగ. రాత్రి పడుకుంటే నిద్ర రాదు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

మేనేజర్‌కి "కష్టంగా ఉంది సార్" అని చెబితే ఓదార్చారు, అంతే. "ఆరు దాటాక కాల్స్‌కి రాలేను, బదులుగా ఉదయం ఎనిమిదికే లాగిన్ అవుతాను" అని మెయిల్ పెట్టాక మార్పు వచ్చింది. ఇంట్లోనూ అంతే, "కాస్త సాయం చేయండి" అంటే ఎవరికీ పట్టదు. రాత్రి మాత్రలు, డైపర్ మార్చడం మా ఆయన పని, ఆదివారం మా ఆడపడుచుది అని తేల్చుకున్నాం.

మీ ఆఫీసులో 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే క్రెష్ (పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి పాపను చూసి రావచ్చు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు వచ్చిన హక్కు ఇది. హెచ్‌ఆర్‌ వాళ్లు తమంతట తాము చెబుతారని చూడకండి, మీరే అడగండి.

వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారో కూడా రాసుకోండి. 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. ఆ జబ్బును ఇంట్లో రోజూ చూస్తున్నదాన్ని, ఆ అంకెను నేను తేలిగ్గా తీసుకోలేను.

నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తుంటే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ అది. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ముందు మేనేజర్‌కి ఆ మెయిల్ పెట్టండి. ఆయన ససేమిరా అంటే అప్పుడు మానేయడం గురించి మాట్లాడుకుందాం.