హ్యాండ్‌బాల్ కోచ్ రిఫరీగా కూడా వెళ్తుంటే పిల్లల మీద శ్రద్ధ తగ్గుతుందా?

మీ అబ్బాయిని చేర్పించాలనుకుంటున్న కోచ్ తరచూ రిఫరీగా వెళ్తారని సందేహిస్తున్నారు. నాకు ఆట నేర్పిన డ్రిల్లు సార్ దాదాపు ముప్పై ఏళ్లు ఆ రెండు పనులూ చేశారు. ఆయన దగ్గర పెరిగినవాడిగా చెబుతున్నాను, నిశ్చింతగా చేర్పించండి.

మాది మట్టి మైదానం. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కొలిచి ముగ్గుతో గీతలు వేయడం మా పనే. గోల్ ముందుండే 6 మీటర్ల గీతను చాలామంది అర్ధచంద్రంలా గీసేస్తారు. సార్ ఒప్పుకునేవారు కాదు. 6 మీటర్ల తాడును ఒక్కో గోల్ స్తంభానికీ కట్టి అటొక పావు వృత్తం, ఇటొక పావు వృత్తం, మధ్యలో 3 మీటర్ల తిన్నని గీత. తాడు వదులైనట్టు కనిపిస్తే చెరిపించి మళ్లీ గీయించేవారు. చాదస్తమని నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు సాధనలో నేను ఎగిరి విసిరిన బంతి గోల్‌లో పడింది. సార్ ఈల వేసి చెల్లదన్నారు. నేను వాదించాను. దగ్గరికొచ్చి "కాలెత్తు" అన్నారు. ఎడమ బొటనవేలికి ముగ్గు! బంతి వదిలాక గీత లోపల పడితే తప్పులేదు, ఎగరబోయే ముందు గీతను తొక్కితేనే తప్పు. ఆనాటి నుంచి జానెడు వెనకనుంచే ఎగరడం అలవాటైంది.

ప్రత్యర్థి చొక్కా లాగితే ఆయన కేకలేసేవారు కాదు. "నువ్వు రెండు నిమిషాలు బయట కూర్చుంటే నీ కోపానికి మిగతా ఆరుగురు కూలి కట్టాలి" అనేవారు.

మా బడి మ్యాచికి మాత్రం ఎన్నడూ ఈల పట్టలేదు. ఒకసారి రిఫరీ పొరపాటుతో ఓడిపోయినా నోరు మెదపలేదు. ఆరోజు ఆయన మాట్లాడి ఉండాల్సిందని ఇప్పటికీ నా అభిప్రాయం.

2022లో నిబంధన మారింది. గోల్‌కు ప్రయత్నించకుండా కాలయాపన చేస్తున్న జట్టును రిఫరీ చెయ్యెత్తి హెచ్చరించాక, మునుపు ఆరు పాస్‌ల వరకు ఉన్న అవకాశం నాలుగుకు తగ్గింది. అప్పటికే రిటైరైన సార్ ఫోన్ చేసి నాకు పరీక్ష పెట్టారు. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు.

ఇప్పుడు నేనూ రిఫరీనే. ఈ ఆటకు ఇద్దరు రిఫరీలుంటారు. నాతో జంటగా వచ్చే అమ్మాయీ సార్ శిష్యురాలే. ఆట మొదలయ్యే ముందు ఆమె ఒక గోల్ దగ్గరికి, నేను ఇంకో గోల్ దగ్గరికి వెళ్లి గీత చూస్తాం. పోయిన నెల ఒక ఊళ్లో రెండువైపులా అర్ధచంద్రాలే ఉన్నాయి. తాడు తెప్పించాం. మ్యాచి అరగంట ఆలస్యమైంది.